మా యింటి సోల



మీలో పలువురి యిండ్లలో తాతముత్తాతల నాటి వస్తు వేదో యొకటి యుండకపోదు. అడకత్తెర కావచ్చును, కవ్వము కావచ్చును, పూజాపీఠము కావచ్చును. పండుగనాడు బయటికి తీసి తుడిచి, మరల పెట్టెలో పెట్టుదురు. "ఇది మా తాతది" అను నొక్క మాటతో దాని కథ ముగియును. మా యింటను అటువంటివి రెండు మిగిలినవి. ఒకటి మా అవ్వ కొలిచిన యిత్తడి సోల. రెండవది మా తాతగారి గంటము. ముప్పదియైదేండ్లు నేను బడిపిల్లలకు చరిత్ర చెప్పితిని. పానిపట్టు యుద్ధముల సంవత్సరములను వల్లె వేయించితిని. ఈ రెండు వస్తువులును ఏ చరిత్రకు సాక్షులో మాత్రము పదవి విరమించు వరకు విచారింపనైతిని. ఆ విచారణలో తేలిన సంగతి మా వంశమునకు కీర్తికరము కాదు. అయినను చెప్పుటకే వచ్చితిని.

మాది నంద్యాల సీమలో కుందూనది యొడ్డునకు క్రోశెడు దూరమున నున్న పల్లె. నల్లరేగడి నేల, జొన్నయు, ప్రత్తియు, కొఱ్ఱయు పండును. మా వారు తరతరములుగా ఆ యూరి కరణములు. నా బాల్యమనగా 1960 మొదలు 1970 వరకు గల కాలము. అప్పటికి మా అవ్వకు డెబ్బది దాటెను. ఆమె ప్రతిదినము ప్రొద్దుగ్రుంకక మునుపు గాదె దగ్గరకు పోయి మఱునాటి జొన్నలు కొలిచెడిది. నేను చేటను పట్టుకొని ప్రక్కన నిలువబడెడివాడను. మొదటి సోలను ఆమె "ఒకటి" యనెడిది కాదు, "లాభము" అనెడిది. తరువాత రెండు, మూడు. ఆరు దాటిన పిదప "ఏడు" అని నోట ననక "ఆరున్నొకటి" యనెడిది. ఏడు అన్నచో ఏడ్పు వచ్చునని ఆమె నమ్మకము. లెక్కల పరీక్షలో నేనొకమారు "లాభము, రెండు, మూడు" అని చదివి పంతులుగారిచేత మొట్టికాయ తింటిని.

ఆ సోల చేతికి నున్నగా తగులును. అంచు అరిగి కత్తివలె పలుచనైనది. అడుగున మాత్రము బొటనవ్రేలు పట్టునంత సొట్ట యొకటి కలదు. అది లోపలికి పొడుచుకొని పోయినది. చిన్ననాడు దానిని బోర్లించి ఆ సొట్టలో నీరు పోసి పిచ్చుకలకు పెట్టెడివాడను. అవ్వ చూచినచో కేకలు వేసెడిది. "అబ్బీ, అది అన్నము పెట్టిన సోలరా" అనెడిది.

నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచము. నాలుగు కుంచములు తూము. ఇరువది తూములు పుట్టి. ఇది మీలో పెద్దవారికి నేను చెప్పవలసిన పని లేదు. కాని పేరు ఒకటియే యైనను కొలత ఒకటి కాదని మాత్రము జ్ఞాపకము చేసెదను. ఒక సీమ మానికకును మఱియొక సీమ మానికకును తేడా యుండెడిది. పత్రములలో "ఇంటి సోలతో" అనియో "సంతమానికతో" అనియో వ్రాసికొనుట అందువలననే. ఎవరి సోలతో కొలిచినారన్నది చిన్న మాట కాదు. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, కొలది యేండ్లలో కిలోగ్రాములును లీటర్లును అంగళ్లన్నిటను ప్రవేశించెను. అంతకు నడుమ 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి పదునారణాలు పోయి నూరు నయాపైస లాయెను. మా అవ్వ ఈ రెంటిని ఒప్పుకొనలేదు. ఆమె కొంగుముడిలో చిల్లుకాణి యొకటి, యుద్ధకాలమున 1943 మొదలు నాణెశాలలు వేసినది, చనిపోవు వరకు నుండెను. దానిని మా చెల్లెలు మొలత్రాటికి కట్టుకొని ఎక్కడనో పోగొట్టెను.

ఇక గంటము. మా తాతగారి నాటికి ఉద్యోగపు లెక్కలన్నియు కాగితముమీదికి వచ్చెను. ఆయన ఆకుమీద వ్రాయుట చిన్ననాడు తన తాతవద్ద నేర్చినదియే గాని వృత్తిలో వాడినది కాదు. అయినను ఒక దసరానాడు నన్ను కూర్చుండబెట్టి ఆ విద్య చూపెను. లేతముదురు తాటియాకు తెచ్చి, ఈనె తీసి, పసుపు వేసిన నీట ఉడికించి, నీడను ఆరవేసెను. ఆరిన పిదప నున్నని రాతితో రుద్దెను. గంటము ఇనుపది, జానెడు. ఒక కొన సూదివలె నుండును, రెండవ కొన ఆకు అంచులు కోయుటకు చిన్న కత్తిగా నుండును. ఎడమచేత ఆకు పట్టి, ఆ చేతి బొటనవ్రేలి గోటికి గంటము ఆనించి, గంటమును కదలింపక ఆకునే జరుపుచు పోవలెను. తన తాతగారి గోటికి దీనికొఱకే గాటు ఉండెడిదని చెప్పెను. వ్రాసిన వెంటనే ఏమియు కనబడదు. దీపపు మసిని ఆకుపసరుతో కలిపి పూసి, గుడ్డతో తుడిచినయెడల గీతలలో మసి నిలిచి అక్షరములు లేచి వచ్చును. ఆనాడు నా పేరు అట్లు నల్లగా లేచి వచ్చుట చూచి నేను కేరింతలు కొట్టితిని. అడ్డగీత గీచినచో ఆకు నారవెంట చీలును. మన యక్షరములు గుండ్రముగా నుండుటకు ఇది యొక కారణమని పలువురు చెప్పుదురు. మా తాతగారు దానిని శాస్త్రవాక్యము వలె చెప్పెను.

కరణముల యిండ్లలో ఇట్టి ఆకుల కట్టలు గంపలుగా నుండెడివి. వానినే కవిలెలనిరి. కర్నల్ మెకంజీ (1754–1821) కొఱకు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర తిరిగి కైఫీయతులు కూర్చినప్పుడు, గ్రామముల పూర్వోత్తరములకు ఈ కవిలెలే పెద్ద యాధారములు. మన ప్రక్క మండలమైన కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) తన జీతపు సొమ్ముతో పండితులను నిలిపి కావ్యముల వ్రాతప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. రాజులు, దేవాలయములు, కావ్యములు ఇట్లు కొంత దక్కినవి. ఇంటి జమాఖర్చుల ఆకులను అడిగినవారు లేరు.

మా యింటి ఆకులు ఏమైనవో చెప్పెదను. మా తాతగారు 1969లో కాలము చేసిరి. అటకమీద మూడు గంపల ఆకులు. చెదలు పట్టినవి కొన్ని, ఎలుకలు కొఱికినవి కొన్ని. అక్షరమును కాల్చరాదు, కాలితో త్రొక్కరాదు. కావున నీట కలుపుట ఆచారము. మా నాయనగారు వానిని కుందూలో విడువ నిశ్చయించిరి. ఒక గంపను మోసినవాడను నేనే. నాకు పదునొకండేండ్లు. ఒడ్డున నిలిచి కట్టలు విప్పి ఒక్కొక్క ఆకును పడవవలె వదలితిని. పందెము వేసికొని ఏది ముందు పోవునో చూచితిని. ఆ యాట ఎంత యానందముగా నుండెనో యిప్పటికిని జ్ఞాపకమున్నది. అందుచేతనే ఆ సంగతి తలచుకొనుటకు నాకు కష్టముగా నుండును.

ఒక్క కట్ట మాత్రము మిగిలెను. దానిని మా అవ్వ సోలతోపాటు తన పెట్టెలో నుంచుకొనెను. ఆమెకు చదువు రాదు. అది ఏదో స్తోత్రమని ఆమె నమ్మకము. ప్రతి సంవత్సరము సరస్వతీపూజనాడు దానికి పసుపు కుంకుమలు పెట్టి కన్నుల కద్దుకొనెడిది, మాచేతను అద్దించెడిది.

ఆ పెట్టె ముందు కూర్చుండియే ఆమె ధాత కరువు కథ చెప్పెడిది. ఆమె చూచినది కాదు. ఆమె యత్తగారు చూచినది. ఆ యత్తగారు పండ్రెండేండ్ల క్రొత్త కోడలుగా ఈ యింటికి వచ్చిన యేడే వానలు తప్పెను. జనము చింతాకును, బ్రహ్మజెముడు పండ్లను తినిరట. తల్లులు బిడ్డలను ఊరిచావడిలో విడిచి పోయిరట. అప్పుడు మా యింట ప్రతి సాయంకాలము ఈ సోలతో జొన్నలు కొలిచి విసరి, పెద్ద బానలో గంజి కాచి, వాకిట పోసిరట. ఒకనాడు జనము త్రొక్కుకొని మీదికి రాగా కోడలి చేతిలోని సోల జారి రాతిగడపమీద పడి సొట్టపోయెను. కథ చెప్పుచు అవ్వ నా వ్రేలు పట్టి ఆ సొట్టలో నుంచెడిది. నేను ఎన్నిమారులు ఆ కథ వింటినో లెక్క లేదు. అన్నము పెట్టిన వంశములో పుట్టితినను గర్వము నాకు ఆ సొట్టనుండియే వచ్చెను.

ధాత యనగా 1876–77; ఆపై ఈశ్వర, 1877–78. ఆ కరువు సంగతి గ్రంథములలో విరివిగా నున్నది. 1876లో వానలు తప్పుటతో కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు మండలములు మిక్కిలి దెబ్బతినెను. ధాన్యపు వ్యాపారములో ప్రభుత్వము చేయిపెట్టరాదని రాజప్రతినిధి లిట్టను పట్టుపట్టెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా చాటుచు దర్బారు జరిగెను. అదే మాసమున రిచర్డు టెంపులు కరువుపనులలో మన్ను మోయు మగవానికి దినమునకు ఒక పౌను, అనగా ఇంచుమించు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారియైన కార్నిషు అనునతడు అది ప్రాణము నిలుపజాలదని, ఒకటిన్నర పౌనైనను కావలెనని వాదించెను. మార్చి నెలలో కూలి కొంత పెంచిరి. దక్షిణదేశమున ఆ కరువులో మడిసినవారు అయిదు మిలియనులకు, అనగా యాబది లక్షలకు, పైమాటయే యని అంచనాలు చెప్పుచున్నవి. కర్నూలు మండలమున 1871 నాటి జనసంఖ్యకంటె 1881 నాటి సంఖ్య ఇంచుమించు నాలుగవ వంతు తగ్గినది. దీని తరువాతనే కరువు విచారణసంఘమును, 1883లో కరువు నిబంధనలును వచ్చినవి.

ఇవన్నియు నేను బడిలో చెప్పినవే. కాని ఒక పౌను ఎంతయో నాకు చేతికి తెలియదు. పదవి విరమించిన తరువాత 2017లో ఒకనాడు అవ్వ సోలనిండ జొన్నలు పోసి అంగడి త్రాసులో తూచితిని. మూడువందల గ్రాములు తూగెను. అనగా టెంపులు కూలి మా యింటి సోలకు సోలన్నర. పగలంతయు ఎండలో రాళ్లు కొట్టినవానికి సోలన్నర జొన్నలు.

ఆ యేడే ఆకుల కట్టను విప్పి చదువ మొదలిడితిని. కావ్యపఠనము నాకు కొత్త గాదు గాని కరణపు వ్రాత వేఱు. మాటకు మాటకు నడుమ ఎడము లేదు. భిన్నములన్నియు గీతలలో నుండును: నిలువుగీత ఒకటైన కాలు, రెండైన అర, మూడైన ముక్కాలు, అడ్డగీత ఒకటైన వీసము, రెండైన పరక, మూడైన మువ్వీసము. మసి పోయినచోట మరల మసి పూసి చదివితిని. నెల దినములకు గాని దారి దొరకలేదు.

అది స్తోత్రము కాదు. అప్పుల పట్టిక.

పదునాలుగు ఆకులు. ధాత నామ సంవత్సర మార్గశిరమున మొదలు. ధాత అరువదేండ్ల కొకమారు వచ్చును గదా, అది 1876 అని యెట్లు తెలియుననవచ్చును. 1936లో మా యింట వ్రాత యంతయు కాగితముమీద. ఆకుమీద వ్రాసినది మా తాతగారి తాతగారి దస్తూరి. ఆయన 1816లో పుట్టియే యుండరు. కావున సందేహము లేదు. ఒక్కొక్క పద్దులో ఒక్కొక్క రైతు. తీసికొన్న జొన్నలు "ఇంటి సోలతో" ఇన్ని. నాగు ఒకటికి సగము. తాకట్టు ఫలానా చేను. తొమ్మిదవ ఆకున ఒక రైతు రెండు తూముల జొన్నలకు వంకచేను తాకట్టు పెట్టెను. దాని క్రింద వేఱు మసితో, ఈశ్వర మాఘమున, అనగా 1878 మొదటి మాసములలో, చేను స్వాధీనమైనట్లు వ్రాసియున్నది.

వంకచేను నాకు తెలియును. నా చిన్ననాడు అది మాదియే. పచ్చిజొన్న కంకులు కాల్చి ఊచబియ్యము తిన్నది ఆ చేనిగట్టుననే. ఆ రుచి చెప్పుటకు నాకు మాటలు చాలవు.

లెక్క వేసితిని. రెండు తూములనగా ముప్పదిరెండు మానికలు, నూటయిరువదియెనిమిది సోలలు. అయిదుగురున్న యింట మనిషికి సోలన్నర చొప్పున దినమునకు ఏడున్నర సోలలు. పదునేడు దినముల తిండి. పదునేడు దినముల తిండికి ఒక చేను.

మా అవ్వ చెప్పినది అబద్ధమా? కాదనియే నా నమ్మకము. గంజి పోయుదురు, అప్పును ఇత్తురు, ఒకే గాదె, ఒకే సోల. అప్పిచ్చుటయు ఆనాడు ఉపకారమనియే తలచియుందురు, పుచ్చుకొన్నవారును అట్లే తలచియుండవచ్చును. ఒకటి ఆడువారి నోట నిలిచెను. రెండవది మగవారి ఆకున నిలిచెను. నీట వదలిన మూడు గంపలలో ఏమి యుండెనో, ఏ చేను తిరిగి యిచ్చినట్లు ఉండెనో, ఎవరి యప్పు మాఫీ యైనట్లు ఉండెనో, అది నా చేతులతోనే పోయెను. మా పక్షమున చెప్పగల సాక్షులు ఉండియుండినచో వారిని పడవలు చేసినవాడను నేనే.

ఆ రైతు వంశమువారు ఇప్పటికిని ఆ యూరనే యున్నారు. పెద్దాయనకు ఎనుబదేండ్లు దాటినవి. కరణీకములు 1984లో రద్దగువరకు మా నాయనగారి ముందు చేతులు కట్టుకొని నిలుచుండినవాడు. ఆకును, సోలను సంచిలో పెట్టుకొని ఆయన యింటికి పోయితిని. అరుగుమీద కూర్చుండి తొమ్మిదవ ఆకు చదివి వినిపించితిని. తన ముత్తాత పేరు వినబడగానే ఆయన చేయెత్తి ఆపి, మరల చదువుమనెను. మూడుమారులు చదివించెను. పిదప చేను సంగతి అడుగలేదు. అది మా నాయనగారు మా యక్కల పెండ్లిండ్లకు 1974లోనే యెవరికో అమ్మిరని ఆయనకును తెలియును. సోలను చేత పుచ్చుకొని బోర్లించి చూచెను.

"అయివారూ, ఈ సొట్ట సంగతి మా అవ్వ చెప్పేది. కరువులో మీ యింట్లో సోల అడుగు సుత్తెతో లోపలికి కొట్టించినారంట. కొలత తగ్గేదానికి."

నేను గడప కథ చెప్పితిని. ఆయన విని, "అట్ల కూడా అయ్యుండొచ్చు" అనెను. ఆ మాట మర్యాదకు అన్నదో, మనసున అన్నదో నేను గుర్తింపలేకపోయితిని.

ఇంటికి వచ్చి, చిన్ననాటి వలెనే సోలను బోర్లించి సొట్టలో నీరు పోసితిని. రెండు చిన్న చెంచాలు పట్టెను. నూటయిరువదియెనిమిది సోలలకు లెక్కించినయెడల మూడు సోలల పైచిలుకు తగ్గును. ఆ యింటి అయిదుగురికి అది ఒకపూట గంజి. సుత్తెదెబ్బయో గడపదెబ్బయో చెప్పుమని మా యూరి కంచరిని అడిగితిని. అరిగిపోయిన యిత్తడి యేమియు చెప్పదని అతడు తిరిగి యిచ్చెను.

మరునాడు ఆ తొమ్మిదవ ఆకును కట్టనుండి విడదీసి పెద్దాయనకు ఇచ్చి వచ్చితిని. అది వారి తాతలదియు గదా. ఆయన దానిని దేవుని గూటిలో నుంచెను. సోలయు, గంటమును, తక్కిన పదుమూడు ఆకులును మా యింట నున్నవి. మిగిలిన పద్దుల వారసులను వెదకుచున్నాను. ఇంతవరకు నలుగురు దొరకిరి.